కొవ్వొత్తుల లెక్క

పెన్‌వారెన్ మేడలో రాత్రిపూట ఒక్క కిటికీయే వెలిగేది.
అది నాది. సూదికి దీపం కావాలి కదా.
ఆయనకు అక్కర్లేదు.

నేను లవ్‌డే పాస్కోని, కుట్టుపనిదాన్ని.
కార్న్‌వాల్ కొండకొమ్ముల మీంచి ఆ దొర దూకినప్పుడు
భుజాల నుంచి లేచే నల్ల రెక్కబట్ట నా చేతిదే.
రొమ్ము మీద ఎర్రకాళ్ళ కాకి బొమ్మా నాదే.
పదకొండు రకాల దారం. ఒక కాలు కొంచెం వంకర.
దగ్గరగా చూసే ధైర్యం ఎవరికుంది గనక!

ఊరు ఆయన్ని రెండు పేర్లతో పిలిచేది:
పడవ మునిగేటప్పుడు ఒకటి,
ఒడ్డుకు చేరాక ఇంకొకటి.
తుపాను రాత్రి ఓడని వీపున మోసుకొచ్చి ఇసుకలో దింపితే
బతికిన నావికులు మోకాళ్ళ మీద పడ్డారు.
తెల్లారాక వాళ్ళే
తలుపులకు గుర్రపునాడాలు కొట్టుకున్నారు.
తూటా తగిలితే చొక్కా చిరిగిందట, మనిషి చిరగలేదట.
అలాంటివాడి నెత్తురు ఏ రంగులో ఉంటుందని
పాదరీ ఆదివారం ప్రసంగంలోనే అడిగాడు.

నాకు తెలుసు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, వినడం.
ఇరవై మైళ్ళ అవతల గోతిలో పడ్డ గొర్రెపిల్ల,
పురిటిగదిలో పళ్ళ మధ్య నొక్కేసిన మూలుగు,
అన్నీ వింటాడు. విని లేస్తాడు.

వీల్ మోర్వా గని కూలిన రోజు మాత్రం
ఎవరో ప్రభువుగారి గుర్రబ్బండి కింద
విరిగే వంతెనని భుజాన పట్టుకుని నిలబడ్డాడు.
ఇక్కడ సముద్రం కింద, రాతి కింద, పందొమ్మిది మంది.
అందులో ఒకడు నా జాగో.

అప్పట్నుంచి వాళ్ళు పిలుస్తూనే ఉన్నారట.
బతికున్నవాళ్ళ కేకకీ చచ్చిపోయినవాళ్ళ కేకకీ
తేడా తెలిసే చెవి ఆయనకు లేదు.
రోజూ అర్ధరాత్రి దిగుతాడు, ఇంతింత బండలు ఎత్తుతాడు,
తెల్లారేసరికి గుప్పెడు ఎర్రమట్టితో వస్తాడు.
ఒకసారి ఒక బూటుతో.
నేను రెక్కబట్ట ఉతుకుతాను. ఉప్పు పోదు.

అడగకూడదనుకుంటూనే ఒకనాడు అడిగాను:
"మా ఆయన ఏమంటాడు?"
చాలాసేపు నిప్పుగూటి వైపు చూశాడు.
"నీ పేరు అనడు, లవ్‌డే.
ఆ నెల కొవ్వొత్తుల డబ్బు
జీతంలోంచి కోసేశారా అని అడుగుతున్నాడు."

ఏడవాల్సిన చోట నవ్వొచ్చింది.
జాగో అంతే. పెన్నీ పోతే పొద్దు గడవదు.
కోశారు మరి. ఆరు కొవ్వొత్తులు.
వెలిగించినవి రెండే అయినా, ఆరింటికీ.

ఆ వారం కొత్త ముసుగు కుట్టాను.
లోపల గొర్రెబొచ్చు ఏడు పొరలు,
చెవుల దగ్గర తేనెమైనం కాచి పోసి
పైన సీసపు రేకు.
ఎందుకని అడగలేదు. తల వంచాడు,
స్నానానికి పిల్లాడు వంచినట్టు.
పట్టీలు బిగించాను.

ఓడని మోసినవాడు కూర్చున్న కుర్చీలోనే నిద్రపోయాడు.
నోరు తెరిచి. గురక కూడా,
అందరి మొగుళ్ళలాగే.

రెక్కబట్ట మడతపెడుతున్నాను.
అప్పుడు నేలచెక్కల కింద,
టక్.
ఎలుక అనుకున్నాను.
టక్, టక్.
పనినుంచి వచ్చి జాగో తలుపు కొట్టే తీరు అది.
ఒకటి. కాస్త ఆగి, రెండు.

ఆయన్ని లేపొచ్చు. ఒక్క పట్టీ లాగితే చాలు.
లాగలేదు.
పెట్టెలోంచి కొవ్వొత్తులు తీసి లెక్కపెట్టాను.
ఆరు.
నా భుజాలకు రెక్కబట్ట మరీ బరువు, మరీ పొడుగు.
అంచు పైకి మడిచి, గుండుసూదులు గుచ్చి,
మెట్లు దిగడం మొదలుపెట్టాను.